నౌపడ దగ్గర మామిడి చెట్లకు పూచీ

సంచిలో పూరెమ్మలు

మాఘమాసంలో జనం నదీ స్నానాలకో తీర్థాలకో బయల్దేరుతారు. నేను మామిడి పూత చూడడానికి రైలెక్కాను. అదీ ఎక్కణ్నుంచి? ఎటు చూసినా మామిడి తోటలే ఉండే నూజివీడు పక్కనుంచి. ఎదురు సీటులో కూర్చున్న పెద్దాయన ఈ మాట నమ్మలేదు. కూతురి కాన్పుకో, కోర్టు పనికో వెళ్తూ దాస్తున్నాననుకున్నట్టున్నాడు, తర్వాత ఏమీ అడగలేదు.

ఆయనకు చెప్పనిది మీకు చెబుతాను. నేను ముప్ఫై నాలుగేళ్లు పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. నేనూ మా ఆయనా జీతాల్లో మిగిల్చి కొని, మొక్క మొక్కా మా చేతుల్తో నాటిన నాలుగెకరాల తోట ఉంది. ఆయన పోయాక కౌలుకిచ్చాను. కౌలుదారు మూడో యేడునుంచి వానాకాలంలో చెట్ల మొదళ్ల చుట్టూ గాడి తీసి పూత మందు పోయడం మొదలుపెట్టాడు. ఆ మందు పడితే చెట్టు చిగురు వేయడం మానేసి పూతకొస్తుంది. ఒక యేడు కాసి ఒక యేడు ఊపిరి తీసుకునే చెట్టు ఏటేటా కాస్తుంది, అందరికంటే ముందు కాస్తుంది, ముందొచ్చిన కాయకు ధర ఉంటుంది. మొదటి రెండేళ్లూ కొమ్మలు విరిగేలా కాసింది. ఊళ్లో అందరూ నా అదృష్టం గురించి మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత కాయ ఏటికేడూ చిన్నదైంది. బంగినపల్లి పండు కోసి పెడితే మా మనవరాలు ఒక ముక్క తిని, ఇది కీరదోసకాయా అని అడిగింది. పూత మాత్రం ఆగలేదు. ఆకు కనపడనంత పూత, మధ్యలో ఎండిన కొమ్మలు. చుట్టుపక్కల తోటలన్నీ కొట్టేసి పామాయిల్ వేస్తున్నారు. నేనూ కోత మిల్లు ఆయనతో మాట్లాడుకుని కాగితం రాసేశాను. శివరాత్రి వెళ్లాక రంపాలు తెచ్చుకుంటానన్నాడు.

అప్పుడు, ఒకప్పుడు నాతో పనిచేసిన శ్రీకాకుళం ఆవిడ ఫోన్లో ఒక మాట చెప్పింది. కోటబొమ్మాళి దగ్గర సింహాచలం అనే అంటుకట్టే ముసలాయన ఉన్నాడట. చచ్చిపోతున్న చెట్లకు పైకొమ్మలన్నీ తీసేసి, అంటే తల కోసి, బతికిస్తాడట. మా వైపు సింహాచలం అంటే కొండ. ఆ వైపు ఇంటికొక మనిషి. నేను తోటలోంచి పూరెమ్మలు నాలుగు కోసి, తడిగుడ్డ చుట్టి, సంచిలో పెట్టుకుని బయల్దేరాను. డాక్టరు దగ్గరికి రిపోర్టులు పట్టుకెళ్లినట్టే.

భీమాళి

విజయనగరంలో దిగకుండా నేరుగా కోటబొమ్మాళి వెళ్లిపోవచ్చు. కానీ తాండ్రకు పేరుపడ్డ ఊరు దగ్గర్లో ఉండగా, మామిడి రోగం పట్టుకుని తిరుగుతున్న నేను అక్కడికి వెళ్లకుండా ఎలా ఉంటాను? లక్కవరపుకోటలో బస్సు దిగి టీ తాగుతూ సంచి బల్లమీద పెట్టాను. టీ అయ్యేలోగా ఒక మేక నా రిపోర్టుల్లో రెండింటిని నమిలేసింది. కొట్టువాడు దాన్ని అదిలించి, మందు కొట్టిన ఆకు కాదు గదా అని అడిగాడు. ఆ మేక సాయంత్రందాకా బాగానే ఉంటే చాలని మనసులో మొక్కుకున్నాను.

భీమాళిలో తాండ్ర పోసే పైడమ్మగారిల్లు ఎవరిని అడిగినా చూపించారు. యాభై దాటిన మనిషి, చేతులు మోచేతులదాకా పసుపు ఛాయలో ఉంటాయి. ఏళ్ల తరబడి మామిడి రసం పిండిన చేతులు అలాగే అవుతాయట. ఇప్పుడు తాండ్ర పోసే కాలం కాదు. ఈత చాపలు చుట్టచుట్టి చూరుకు కట్టి ఉన్నాయి. నిరుటి తాండ్ర పెట్టె అడుగున కొంచెం మిగిలి ఉంటే తీసి పెట్టింది. పొరమీద పొర, నల్లబెల్లం రంగు. నోట్లో వేసుకుంటే ముందు పులుపు, ఆ తర్వాత చాలాసేపు తీపి. కిలో రెండువందల అరవై అంది. మా ఊళ్లో రంగు కాగితంలో చుట్టి అమ్మే తాండ్ర ఇంతకంటే చవక, నమిలితే చక్కెర తప్ప ఏమీ తగలదు.

ఆవిడ పద్ధతి వివరంగా చెప్పింది. కాయ కొనేటప్పుడు రంగు చూడదు. చెట్టుకింద నిలబడి ఎన్ని కాయలున్నాయో చూస్తుంది. మరీ గుత్తులుగా కాసిన చెట్టు కాయ తీసుకోదు. అలాంటి కాయ రసం పలచగా ఉంటుందట, పొర కట్టదట, చాపమీద పోస్తే జారిపోతుందట. రాలినన్ని పిందెలు రాలిపోయి చెట్టు తన ఓపిక కొద్దీ ఉంచుకున్న కాయే తాండ్రకు పనికొస్తుందని చెప్పింది. నేను నా పూరెమ్మ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"దీనికి వోసన నేదమ్మా. ఈగేటి వాల్తాది దీనిమీద?"

మామిడి పూతకు వాసన ఉంటే ఈగ వస్తుంది, ఈగ వాలితేనే పిందె కడుతుంది. అది నాకు తెలియని సంగతి కాదు. తోటలోకి వెళ్తే తల చుట్టూ ఈగలు ముసిరి విసుగొచ్చిన రోజులు గుర్తున్నాయి. ఆ ఈగలు ఎప్పుడు రావడం మానేశాయో మాత్రం నేను గమనించలేదు. కిలో తాండ్ర కొనుక్కుని, బస్సులో విజయనగరం వచ్చి మళ్లీ రైలెక్కాను.

కోటబొమ్మాళి

కోటబొమ్మాళిలో దిగేసరికి సంత చెదిరిపోతోంది. స్టేషన్ బయట చోడి అంబలి అమ్ముతుంటే తాగాను, గ్లాసు పది రూపాయలు, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ముక్క ఉచితం. చోళ్లంటే మన రాగులే. మా వైపు ఇప్పుడు షుగరు వచ్చినవాళ్లు డాక్టరు చెబితే తాగుతారు. ఇక్కడ ఆకలేసినవాళ్లు తాగుతున్నారు.

సింహాచలానికి డెబ్బై ఉంటాయి. గోచీ పంచె, చెవిలో సగం కాల్చిన చుట్ట, నడుముకు ఒక చిన్న కత్తి. కోసిన వరిచేల మధ్య అర ఎకరంలో అంటు మొక్కలు పెంచుతున్నాడు. పణుకులు, సువర్ణరేఖ, చెరకు రసం అని ఒక్కో వరుసా చూపించాడు. పణుకుల మామిడి మా వైపు పేరు కూడా వినం. సువర్ణరేఖ పండు బుగ్గమీద ఎర్రటి చారతో వస్తుందనీ, బంగినపల్లికంటే ముందు పండుతుందనీ చెబుతూ, దానికి మందెందుకమ్మా, దానికే తొందరెక్కువ అన్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

నా రెమ్మను నిలువునా చీల్చి చూశాడు. కణుపులన్నీ ఒకదానిమీద ఒకటి కూర్చున్నట్టు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఎన్నేళ్లు పోశారని అడిగాడు. ఆరేళ్లని చెప్పాను. మందు చెట్టులోనే కాదు మట్టిలో కూడా ఉంటుంది, పోయడం ఈ రోజు ఆపినా నేల దాన్ని మరిచిపోవడానికి ఏళ్లు పడుతుంది అన్నాడు. ఏటా మూడోవంతు చెట్లకు తల కోసి, పేడ పూసి, పచ్చిరొట్ట వేసి దున్ని, నీళ్లు పెట్టుకుంటూ కాచుకుని ఉండాలి. కోసిన చెట్టు మూడేళ్లదాకా కాయదు. కోసినవన్నీ చిగురిస్తాయని పూచీ కూడా లేదు.

ఇది నేను వినాలనుకున్న జవాబు కాదు. ఏదో పసరు చెబుతాడనో, లేకపోతే లాభం లేదు కొట్టేయమంటాడనో అనుకుని వచ్చాను. రెండోదే అంటాడని లోపల్లోపల ఆశ కూడా ఉంది. అప్పుడు తప్పు నాది కాదు, రోగానిది అవుతుంది. మూడేళ్లు ఖాళీ తోటకు కాపలా కాసే వయసు కాదు నాది అని గొణిగాను. ఆయన వినిపించుకోకుండా, రేపు పొద్దున నౌపడ వైపు ఒక తోటలో పనుంది, వస్తే రా అన్నాడు.

రాత్రి ఆయన ఇంట్లోనే పడుకున్నాను. వాళ్ల కోడలు నెత్తళ్ల ఎండుచేపలు వంకాయతో వండి పెట్టింది. అడగకుండానే మూడోసారి అన్నం వడ్డించి, పట్నపోళ్లు పిట్టల్లా తింటారు అంది. పోస్టాఫీసు ఉద్యోగం చేసినంతమాత్రాన నేను పట్నం మనిషినైపోయాను.

ఉప్పు మళ్ల పక్కన

నౌపడ దాటాక రోడ్డుకు ఒక పక్క ఉప్పు మళ్లు. ఎండ ఇంకా ముదరకముందే తెల్లగా కళ్లకు గుచ్చుకుంటున్నాయి. ఆడవాళ్లు తట్టలతో ఉప్పు మోసి కుప్పలు పోస్తున్నారు. రెండో పక్క కొంచెం ఎత్తుమీద కొబ్బరి చెట్లు, వాటి మధ్య నూకమ్మ తోట. తోటంటే ఏడే ఏడు మామిడి చెట్లు, అన్నీ సువర్ణరేఖలు.

నూకమ్మ చేపలమ్మే మనిషి. ముప్ఫై ఏళ్లు రేవులో చేప కొని గంపతో ఊళ్లు తిరిగి అమ్మింది. భర్త దానయ్య వేటకు వెళ్లేవాడు, నడుము పట్టేశాక మానేశాడు. రెండేళ్ల కింద ఈ నేల చెక్క కొన్నారు. కొన్నప్పుడు చెట్లు నిండా కాసి ఉన్నాయట. తీరా చేతికొచ్చాక మొదటి యేడు పూత వచ్చి మాడిపోయింది. ఈ యేడు పూతే రాలేదు. చుట్టూ ఊళ్లలో తోటలన్నీ పూసి ఉంటే ఈ ఏడు చెట్లే నల్లగా నిలబడ్డాయి.

కాయని చెట్టుకు మా వైపు పాత చెప్పులో చీపురో కడతారు. ఇక్కడ కొన్ని ఊళ్లలో చెట్టుకు ఏకంగా పంచాయితీ పెడతారని ఆ రోజే తెలిసింది. ఇంటి యజమాని గొడ్డలి పట్టుకొచ్చి మొదట్లో మూడుసార్లు ఆనించి, కాయవా, నరికేస్తాను అంటాడు. పొరుగూరి మనిషి ఒకరు చెట్టుకు వీపు ఆనించి నిలబడి, ఈసారికి ఒగ్గీయండి, వదిలిపెట్టండి, పై యేడు కాస్తుంది, నాది పూచీ అనాలి. కాస్తే మొదటి పళ్లు పూచీ పడ్డవాళ్లకు పంపుతారు. కాయకపోతే మొదటి వేటు వేయాల్సింది కూడా వాళ్లే. ఇంటివాళ్లూ చుట్టాలూ పూచీకి పనికిరారు. అందుకే సింహాచలం నన్ను రమ్మన్నాడు. ఈ సంగతి నాకు అక్కడికి వెళ్లేదాకా చెప్పలేదు ముసలాయన.

దానయ్య గొడ్డలి నూరి, పసుపు రాసి సిద్ధంగా ఉన్నాడు. సింహాచలం ముందు చెట్టు చుట్టూ తిరిగాడు. ఒక ఆకు తెంపి నాకు చూపించాడు. కొసనుంచి అంచుల వెంట కాలిన కాగితంలా ఉంది. కిందికి వంగి, మొదట్లో మట్టి చిటికెడు తీసి నాలుకమీద వేసుకుని ఉమ్మేశాడు. చెట్లకు ఏం వేస్తున్నారని అడిగాడు.

నూకమ్మ గర్వంగానే చెప్పింది. తన పుట్టింట్లో కొబ్బరి చెట్లకు ఏం వేసేవారో అదే వేసింది. ఏడాదికి రెండుసార్లు, చెట్టుకు రెండేసి కుంచాల ఉప్పు. పక్కనే ఉప్పు మళ్లు, కొరతేముంది? కొబ్బరికి ఉప్పు వేస్తే గెలలు బాగా దిగుతాయని ఈ తీరంలో పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. కొత్తగా వచ్చిన చెట్లు గదా అని వీటికి ఇంకో కుంచం ఎక్కువే వేసింది. రోజంతా చేపల గంప మోసి వచ్చి కూడా ఆ ఉప్పు తానే మోసుకొచ్చి వేసిందట.

సింహాచలం చుట్ట వెలిగించుకున్నాడు. మామిడికి ఉప్పు గిట్టదని, వేళ్లు నీళ్లు పీల్చుకోలేవని, పూత మాడింది అందుకేనని మెల్లగా చెప్పాడు. బోదెలు తీసి వానలు మట్టిని కడిగేలా చేస్తే, రెండు మూడు వానాకాలాలు గడిస్తే, బతకొచ్చు అన్నాడు. నూకమ్మ ముఖం చూడలేకపోయాను. ఆవిడ ఏడు చెట్లవైపూ ఒక్కొక్కదానివైపే చూసింది.

అయినా ముహూర్తం దాటకూడదని దానయ్య గొడ్డలి ఎత్తాడు. చెట్టు వినాలి గదా, మనమంటే దానికి బెదురుండాలి అన్నాడు. నూకమ్మ వెళ్లి అతని చేతిలోంచి గొడ్డలి లాక్కుని నేలమీద పెట్టింది.

"ఒగ్గీ మావా. ఉప్పెట్టింది నాను. దాన్ని బెదిరించడానికి మనకి నోరేటున్నాది?"

ఆమె నావైపు తిరిగి, ఇక్కడివాళ్లు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచింది. నేను అప్పటికే, వచ్చాను గనక, నా వంతు మాటలు లోపల వల్లె వేసుకుంటూ చెట్టుకు వీపు ఆనించి నిలబడి ఉన్నాను.

"అప్పా, సెట్టుకి పూచీ అక్కర్నేదు. అదేటి తప్పు సేసింది? నాకు పడు పూచీ. ఇంక దీని మొదట్లో తెలీంది యెయ్యనని, తొందరపడి కొట్టియ్యనని, నాకు పడు."

సరేనని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. నూకమ్మ తెలియక వేసింది. నాకు తెలుసు. కౌలుదారు మొదటిసారి గాడి తీసినప్పుడు నేను గట్టుమీదే నిలబడి ఉన్నాను. ఇదేమిటని అడిగితే చెప్పాడు. చెట్లకు మంచిదేనా అంటే, ఓ నాలుగైదేళ్లు డోకా లేదన్నాడు. ఆ తర్వాత ఏమిటని నేను అడగలేదు. ఆ యేడే కౌలు పెంచాడు. ఈ ముక్క నా పిల్లలకు కూడా చెప్పలేదు. తోట పాడైపోయిందని చెప్పాను, పాడుచేశారని చెప్పాను, చేశారు అన్న మాటలో నేను లేకుండా చూసుకున్నాను.

అక్కడ, నిన్నటిదాకా ముక్కూ మొహం తెలియని ముగ్గురి ముందు, అంతా చెప్పేశాను. కోత మిల్లుకు కాగితం రాసిన సంగతి కూడా చెప్పాను. నాకే పూచీ లేదు, నీకెలా పడను అని అడిగాను.

నూకమ్మ నన్ను ఓదార్చలేదు. చేప బేరం చేసేటప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది.

"అయితే నీకు నాను పడతాను. నాకు నువ్వు పడు."

దొంగకు దొంగ జామీను ఎక్కడా చెల్లదని సింహాచలం గొణిగాడు. దానయ్య కూడా ఇలాంటిది ఎన్నడూ వినలేదన్నాడు. నూకమ్మ వాళ్లను లెక్కచేయలేదు. నా పక్కకు వచ్చి అదే చెట్టుకు వీపు ఆనించి నిలబడింది. ఆమె భుజం నా భుజానికి తగిలింది, చీరకు చేపల వాసన. ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఆ మాటలు అన్నాం. ఆమె గట్టిగా అంది, నేను అంత గట్టిగా అనలేకపోయాను. తర్వాత అందరం చెట్టుకింద కూర్చుని అంబలి తాగాం. పైడమ్మ దగ్గర కొన్న తాండ్ర ముక్కలు చేసి పంచాను. నూకమ్మ తన ముక్క కొసరి కొసరి తింటూ, తన చెట్లు ఎప్పటికైనా ఇలాంటి పండు ఇస్తాయా అని సింహాచలాన్ని అడిగింది. ఆయన ఆకాశంవైపు చూసి, వాన దయ అన్నాడు.

ఇల్లు

నౌపడ స్టేషన్‌నుంచే కోత మిల్లు ఆయనకు ఫోన్ చేసి రావద్దన్నాను. కాగితం మీద సంతకం పెట్టి మాట తప్పడం మర్యాద కాదన్నాడు. నిజమే, మర్యాద కాదు. బయానా తిరిగిచ్చేశాను. మా అబ్బాయి రెండు రోజులు మాట్లాడలేదు. కౌలుకు కూడా ఇవ్వనని చెప్పేశాక మూడో రోజు వచ్చి, తోట నడుమ నిలబడి, ఇప్పుడేం చేద్దామని అడిగాడు. గట్టుమీద జరిగింది వాడికి అప్పుడు చెప్పాను.

సింహాచలం వచ్చి వారం ఉండి యాభై మూడు చెట్లకు తల కోశాడు. వానలు పడ్డాక చాలా మోళ్లు ఎర్రటి చిగుళ్లు వేశాయి. పదకొండు వేయలేదు. అవి ఇక వేయవని ఫోన్లో చెప్పాడు. పోయిన మాఘంలో మిగతా చెట్లు పూశాయి గానీ పిందె నిలవలేదు. ఊళ్లో నా అదృష్టం గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

మొన్న భాద్రపదంలో పాత కౌలుదారు వచ్చాడు. మంచివాడే, నా కష్టం చూసి వచ్చాడు. తల కోయని చెట్లకు ఈ ఒక్కసారి పోద్దాం, ఖర్చులైనా వస్తాయి అన్నాడు. మందు డబ్బా బండిమీదే ఉంది. ఖర్చులు నిజం, నా దగ్గర డబ్బు లేకపోవడమూ నిజం. చాలాసేపు ఆలోచించాను, అబద్ధం ఎందుకు? చివరికి, నౌపడ దగ్గర ఒకావిడ నాకు పూచీ పడింది, కుదరదు అన్నాను. అతనికి అర్థం కాలేదు. అంత దూరాన ఉన్న మనిషి మిమ్మల్నేం చేస్తుంది, పోలీసులకు చెబుతుందా అని నవ్వాడు.

ఏమీ చేయదు. నెలకోసారి చేపల గంప దించాక ఫోన్ చేస్తుంది. తన చెట్ల గురించి చెప్పి, మందు పోసేవా అప్పా అని అడుగుతుంది. నేను లేదని చెప్పాలి.